రొయ్యకున్న పరీక్ష మంచినీళ్లకు లేదా?

సంపాదకులు గారికి నమస్కారం.

మాది పాలకొల్లు దగ్గర కాలువ శివారు ఊరు. జల్ జీవన్ మిషన్ కింద కుళాయి నీళ్లు పరీక్షించడానికి ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చారు కదా, మా ఊళ్లో ఆ ఐదుగురిలో నేనొకదాన్ని. మాకిచ్చిన కిట్టులో చిన్న సీసాలు, చుక్కల మందులు, రంగుల కార్డు ఉంటాయి. ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, క్లోరిన్ తెలుస్తాయి. పురుగుమందు తెలియదు. నాకు తెలుసుకోవాలని ఉన్నదేమో అదే.

ఎందుకంటే మా మంచినీళ్ల చెరువు నిండేది పంట కాలువ నుంచే. ధవళేశ్వరంలో వదిలిన గోదావరి నీళ్లు మా దాకా వచ్చేసరికి దారిలో స్ప్రేయర్లు కడిగేది ఆ కాలువలోనే, కొందరు రొయ్యల చెరువుల నీళ్లు చీకటి పడ్డాక వదిలేదీ అందులోకే. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసే ముందు చెరువు నింపుకుంటే, మళ్లీ నీళ్లొచ్చేదాకా ఊరంతా అవే తాగాలి. దాళ్వా (రెండో పంట వరి) చేలకు మందులు పడే రోజులూ చెరువు నింపే రోజులూ దాదాపు ఒకటే. నేను రైతుల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. మా పొలంలోనూ కొడతాం. చేనుకు సుడిదోమ పడ్డాక కొట్టకుండా ఎవరుండగలరు?

మా మరిది భీమవరంలో రొయ్యల ల్యాబులో పనిచేస్తాడు. తాగునీటి నాణ్యతకు మన దేశంలో ఉన్న ప్రమాణం, 2012 నాటి ఐఎస్ 10500, తీసుకొచ్చి చూపించాడు. అందులో పురుగుమందుల పట్టిక 18 వరుసలు. డీడీటీ, ఎండోసల్ఫాన్, ఫోరేట్, మిథైల్ పారాథియాన్... చాలావరకు ఇప్పుడు దుకాణంలో అమ్మడానికే వీల్లేనివి. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లోనే ఆపింది. "వదినా, మనం చల్లేది ఒక్కటైనా ఉందేమో చూడు" అన్నాడు. నాట్లప్పుడు వేసే ప్రెటిలాక్లోర్ లేదు. అగ్గితెగులుకు కొట్టే ట్రైసైక్లజోల్ లేదు. పాముపొడకు హెక్సాకొనజోల్ లేదు, కార్టాప్ గుళికలూ లేవు. రొయ్యల చెరువుల్లో వాడే యాంటీబయాటిక్ ఒక్కటీ లేదు. గడ్డిమందుల్లో బ్యూటాక్లోర్ ఉంది, లీటరుకు 125 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చట. సీసా నీళ్లకైతే, వాటిలో పురుగుమందులున్నాయని 2003లో గొడవ జరిగాక ఒక్కో మందూ 0.1 మైక్రోగ్రాము దాటకూడదని పెట్టారు. కొనుక్కునే నీళ్లకూ కుళాయి నీళ్లకూ 1,250 రెట్లు తేడా! పైగా ఈ ప్రమాణం పాటించి తీరాలని కుళాయి నీళ్లిచ్చేవాళ్లకు చట్టమేమీ లేదు.

అదే ట్రైసైక్లజోల్ బియ్యంలో కిలోకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని 2018 నుంచి యూరప్ పట్టుబట్టింది. ఎగుమతిదారులు పరుగులు పెట్టారు. రొయ్యల్లో యాంటీబయాటిక్ ఉందేమోనని పట్టుబడికి ముందే నమూనా తీస్తారు, మా మరిది ఉద్యోగమే అది. ఎక్కడో తినేవాళ్ల కోసం మన రొయ్యను చూడగలిగిన యంత్రాలు మన ఊళ్ల పక్కనే ఉన్నాయి. ఆ చెరువు గట్టున పెరిగే పిల్లాడు తాగే నీళ్లను చూడమని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇసుక ఫిల్టరు, బ్లీచింగ్ చాలు కదా అంటారు. అవి క్రిములకు. మందు కరిగిన నీళ్లు క్లోరిన్ కలిపినా, కాచినా బాగుపడవు. యాక్టివేటెడ్ కార్బన్ అయితే చాలావరకు పట్టుకుంటుంది. దాన్ని కొబ్బరిచిప్పల బొగ్గుతోనూ చేస్తారు. చిప్పలకు కోనసీమలో కరువా?

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛ వచ్చి పడిపోయారు. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లన్నారు, పురుగుమందుల మీదా అనుమానం వచ్చింది. నీళ్ల సీసాలు పెద్ద ల్యాబులకు వెళ్లింది జనం ఆస్పత్రి పాలయ్యాకే.

మా సంఘం పొదుపు డబ్బుతో ఒక సీసా పరీక్ష చేయిద్దామని మా వాళ్లన్నారు. చేయించొచ్చు. ట్రైసైక్లజోల్ ఇంత ఉందని కాగితం వస్తుంది. ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్తే, ఇంతకు మించకూడదని ఎక్కడుందమ్మా అంటారు. ఎక్కడా లేదు మరి.

అందుకే అడుగుతున్నాను. డెల్టాలో ఇప్పుడు అమ్ముతున్న మందుల పేర్లు వ్యవసాయ శాఖ దగ్గర ఉన్నాయి. వాటికి హద్దులు రాయండి. కాలువలు కట్టేసే ముందు ప్రతి మంచినీళ్ల చెరువులో ఆ మందుల కోసం నమూనా తీసి, ఫలితం పంచాయతీ బోర్డు మీద అంటించండి. వచ్చే వేసవికి మా చెరువు నింపేలోగా ఈ ఒక్కటైనా జరగాలి.

– ఒక డ్వాక్రా సభ్యురాలు, పాలకొల్లు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా