పాత జీపుకు కొత్త తిప్పలు

సంపాదకుడు గారికి,

మా నాన్న 1968లో కొన్న జీపును రెండేళ్లుగా బాగు చేయిస్తున్నాను. డ్రైవర్ సీటు ఎత్తితే కిందే పెట్రోల్ ట్యాంకు, దాని అడుగు తుప్పు పట్టి జల్లెడైపోయింది, ఫ్లోరు మీద పెయింటు గీకుతుంటే ఎరుపు, తెలుపు, వాటి కింద అసలు ఆకుపచ్చ బయటపడ్డాయి. అదంతా సరదాగానే ఉంది. టెన్షన్ అంతా ఇంజిన్ దగ్గరే. పెట్రోల్ ఖర్చు భరించలేక నాన్న అప్పట్లోనే డీజిల్ ఇంజిన్ పెట్టించారు, మా ఊళ్లో చాలామంది అదే పని చేశారు లెండి.

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ సిరీస్ నంబరు ఇస్తారు, రిజిస్ట్రేషన్‌కు 20 వేలు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. పైగా దాన్ని రోజువారీ పనులకు తిప్పకూడదు.

కళ్లు బైర్లు కమ్మే లైట్లు, బయటికి పొడుచుకొచ్చే టైర్లు బిగించి ఊరేగేవాళ్లను పట్టుకోండి, వద్దనను. కంపెనీ ఇచ్చిన రూపం మార్చొద్దని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మరి పాత బండికి మంచి బ్రేకులు, సీటు బెల్టులు పెట్టుకుంటానంటే ఎవరిని అడగాలి? ఒక ఆఫీసుకు వెళ్తే ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. దీనికి ఒక ఫారం, ఒక తనిఖీ పెడితే సరిపోతుంది కదండీ!

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం