బర్క్‌కు పోతన జవాబు

తిరుపతి

చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు.

అందం, ఉదాత్తం మీద నీ సెమినార్ పత్రం చదివాను. బ్రిటిష్ తత్వవేత్త ఎడ్మండ్ బర్క్‌ను శుభ్రంగా చెప్పావు. చిన్నది, నున్ననిది, సుకుమారమైనది అందం. అంతు తెలియనిది, చీకటిగా ఉండి భయపెట్టేది ఉదాత్తం. 1757లో ఈ మాటలు చెప్పిన పుస్తకం వచ్చేనాటికి ఆయనకు 28 ఏళ్లు. ఆ వయసు ఊపులోనే కాబోలు, ఆడవాళ్లు అందం కోసం తడబడుతూ నడవడం, ముద్దుముద్దుగా పలకడం నేర్చుకుంటారని కూడా రాశాడు. 1790లో స్త్రీల హక్కుల కోసం కలం పట్టిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఆ మాట పట్టుకుని ఆయనను దులిపేసింది. అది నువ్వెందుకు వదిలేశావో నాకు అర్థం కాలేదు.

జర్మన్ తత్వవేత్త కాంట్ దగ్గర తొందరపడ్డావు. మనం క్షేమంగా ఉంటేనే భీకరమైనది ఉదాత్తంగా తోస్తుందన్నది ఆయన షరతు. 2021 నవంబరు వానల్లో కపిలతీర్థం దగ్గర కొండ మీది నీరు విరుచుకుపడుతుంటే ఫోనులో చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. ఇళ్లలోకి వరద వచ్చినవాళ్లు బియ్యం మూట ఎక్కడ పెట్టాలా అని చూసుకున్నారు. ఇంకో సంగతి, ఆ గొప్పతనం జలపాతానిది కాదట. ఊహ చేతులెత్తేసిన చోట కూడా అనంతాన్ని తలచగలిగే మన బుద్ధిదట.

ఇక నా అసలు తగాదా. స్పష్టమైన ఊహ చిన్న ఊహేనని బర్క్ అంటే నువ్వు తలూపేశావు. మరి ఆయనకు సుమారు మూడు వందల ఏళ్ల ముందే పోతన ఏం చేశాడు? వామనుడు పెరుగుతుంటే సూర్యబింబం మొదట గొడుగు, తర్వాత తలమీది రత్నం, చెవికి కమ్మ, మెడలో నగ, భుజానికి కేయూరం, చేతికి కంకణం, మొలకు గంట, కాలికి అందె, చివరికి పాదపీఠం. ఇందులో చీకటి ఎక్కడుంది? ప్రతి మెట్టూ పట్టపగలు చూసినట్టే ఉంటుంది. పైగా దాదాపు అన్నీ నగలే, బర్క్ లెక్కలో వట్టి అందం! ఆ అందంతోనే పోతన అపారాన్ని కొలిచాడు. సూర్యుడంతటి కొలబద్ద పాదాల దగ్గర అయిపోయినా ఆ పెరగడం ఆగదు. నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఈ కొలత కాంట్‌కు నచ్చి ఉండేదనుకుంటాను. కానీ ఇదంతా నీ బుద్ధి గొప్పతనమేనంటే పోతన ఒప్పుకుంటాడా, చెప్పు!

అందం, ఉదాత్తం ఎన్నటికీ కలవవన్న నీ చివరి వాక్యం కొట్టేయి. ‘రవిబింబం బుపమింప’ పద్యం నాలుగు పాదాలూ పెట్టి, తాత్పర్యం నీ మాటల్లో రాయి. మీ ప్రొఫెసరు గారికి తెలుగు రాకపోతే పైకి చదివి వినిపించు, సిగ్గుపడకు.

అమ్మ