డార్ట్ బోర్డు పెట్టెకు కొలతలే ప్రాణం

సంపాదక మహాశయులకు,

ఇంట్లో చేసుకోదగిన వడ్రంగి పనుల గురించి మీ పత్రికలో తరచుగా రాయాలని కోరుతూ, చిన్న బాణాలు విసిరి ఆడే డార్ట్ బోర్డుకు మా అబ్బాయితో కలిసి తలుపుల పెట్టె చేసిన అనుభవాన్ని తెలియజేస్తున్నాను. సీసల్ అనే మొక్క నారతో చేసే ప్రామాణిక బోర్డు వ్యాసం సుమారు 451 మిల్లీమీటర్లు కనుక, పెట్టె లోపలి వెడల్పు, ఎత్తు 520 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకున్నాం. వానాకాలంలో చెక్క ఉబ్బుతుందన్న సంగతి మరచి తలుపుల మధ్య సందు వదలకపోవడం వల్ల, రెండింటినీ విప్పి మళ్లీ చిత్రిక పట్టవలసి వచ్చింది. బాగా ఆరిన టేకుకైనా 3 మిల్లీమీటర్ల సందు ఉండాలని అప్పుడు తెలిసింది. బోర్డు నడిబొడ్డు నేలకు 1.73 మీటర్ల ఎత్తున, విసిరే గీత బోర్డు ముఖానికి 2.37 మీటర్ల దూరాన ఉండాలి. బాణాల మొనలు ఉక్కువి కాబట్టి, పసిపిల్లలున్న ఇళ్లలో తలుపులకు తాళం తప్పనిసరిగా బిగించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం