నీటిలోకి దించే ముందు పావుగంట నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

పగడపు దిబ్బలు చూపిస్తామంటూ దీవులకు తీసుకెళ్లే ప్రయాణ సంస్థలు స్నోర్కెలింగును (కళ్లనూ ముక్కునూ కప్పే మాస్కు పెట్టుకుని, నోట్లో గొట్టంతో ఊపిరి తీస్తూ నీటి మీద తేలుతూ అడుగును చూడడాన్ని) ఈత రానివారు కూడా నిశ్చింతగా దిగగలిగే వినోదంగా చెబుతున్నాయి. ఇటీవల మావారూ నేనూ ఒక ఉష్ణమండల దీవికి వెళ్లినప్పుడు ఆ మాట నమ్మే నీటిలోకి దిగాం. దీవి పేరు గానీ సంస్థ పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. దిగే ముందు ఏమీ నేర్పకపోవడమనే ఈ లోపం ఏ ఒక్కచోటికో పరిమితమైనది కాదని అక్కడ కలిసిన ఇతర యాత్రికుల మాటలను బట్టి అర్థమైంది.

ప్రయాణం మొదటి నుంచీ సవ్యంగా సాగలేదు. విమానం మారినచోట మా సూట్‌కేసు వెనకబడిపోయింది. విమానాశ్రయంలోనే ఫిర్యాదు రాయించి రసీదు తీసుకోవడం వల్ల అది మూడో రోజున మా చేతికి వచ్చింది. (ఆ రసీదు లేకుండా ఎవరూ బయటకు రాకూడదు. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, రావలసిన రోజు నుంచి 21 రోజులు దాటినా సామాను రాకపోతే పరిహారం కోరే హక్కు ప్రయాణికుడికి ఉంటుంది.) నా చూపుకు తగిన పవర్ అద్దాలు అమర్చిన మాస్కు ఆ పెట్టెలోనే ఉండిపోయింది. మర్నాడు అలల ఉద్ధృతి వల్ల ఫెర్రీని రద్దు చేశారు. అది సరైన నిర్ణయమే కనుక దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే ఒక రోజు పోయేసరికి, రెండు రోజుల్లో చూపిస్తామన్న చోట్లన్నీ ఒకే పూటలో ముగించాలని పడవవాళ్లు తొందరపెట్టారు. ఆ తొందరలో తగ్గించింది చూపించే చోట్లను కాదు, నేర్పవలసిన సమయాన్ని.

బుట్టలోంచి చేతికందిన మాస్కు తీసి ఒక్కొక్కరికీ ఇచ్చి దిగమన్నారు. మావారికి ఒత్తయిన మీసం ఉంది. మాస్కు చుట్టూ ఉండే సిలికాన్ అంచు చర్మానికి గట్టిగా ఆనుకుంటేనే నీరు ఆగుతుందనీ, మీసం వెంట్రుకల సందుల్లోంచి నీరు ఊరుతుందనీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. పట్టీ తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చినప్పుడు అది ఊడిపోకుండా నిలబడితేనే సరిపోయినట్లని కూడా మాకు తర్వాతే తెలిసింది.

దిగిన ఐదు నిమిషాలకే ఆయన మాస్కులో ముక్కు దాకా నీరు చేరింది. కంగారులో తల వంచడంతో గొట్టం కొన మునిగి, గాలికి బదులు ఉప్పునీరు నోట్లోకి వచ్చింది. ఆయన చేయి పైకెత్తి ఊపారు. ఇరవై అడుగుల దూరంలో ఉన్న నాకు, కళ్లద్దాలు లేకపోవడం వల్ల, నీటి మీద చేయి మసకగా కదలడం మాత్రమే కనిపించింది. చేపలను చూపించి పిలుస్తున్నారనుకుని నేనూ నవ్వుతూ చేయి ఊపాను. పక్క పడవలోని కుర్రవాడు చూసి గాలి ట్యూబు విసరకపోతే ఏమై ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

నాలుగో రోజున మరొక పడవలో వెళ్లాం. ఆ పడవలోని పెద్దాయన మమ్మల్ని ముందుగా నడుము లోతు నీటిలో నిలబెట్టి, ముఖం ముంచి నెమ్మదిగా నోటితో ఊపిరి తీయడం నేర్పారు. గొట్టంలోకి నీరు వస్తే ఒక్క ఊపున బలంగా ఊది బయటకు చిమ్మాలని, మాస్కులోకి వస్తే పై అంచును నుదుటికి నొక్కిపట్టి తల కాస్త పైకెత్తి ముక్కుతో గాలి వదలాలని చేసి చూపించారు. చేయి అటూ ఇటూ ఊపితే సాయం కావాలని, రెండు చేతులూ తలపై సున్నాలా కలిపితే క్షేమమని సంకేతాలు చెప్పారు. మునిగే ముందు గబగబా గాలి పీల్చవద్దని మరీమరీ హెచ్చరించారు. అలా పీలిస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి, ఊపిరి తీసుకోవాలన్న తపన పుట్టకముందే మనిషి నీటిలో స్పృహ తప్పుతాడట. ఎండకు వీపు కాలకుండా లేపనానికి బదులు పొడవు చేతుల చొక్కా వేసుకోమన్నారు. ఆ లేపనాల్లోని ఆక్సీబెంజోన్ అనే రసాయనం పగడాలకు హాని చేస్తుందనే పసిఫిక్ దీవుల దేశమైన పలావు 2020లో, అమెరికా రాష్ట్రమైన హవాయి 2021లో అది ఉన్న లేపనాల అమ్మకాన్ని నిషేధించాయి. ఇదంతా చెప్పడానికి పావుగంట కంటే ఎక్కువ పట్టలేదు. ఆ తర్వాత మావారు గంటసేపు హాయిగా తేలుతూ, చిలుక చేపలు పగడాన్ని కొరుకుతుంటే పటపటమని వినిపించే చప్పుడును తన చెవులతో విన్నారు.

కాబట్టి, నడుము లోతు నీటిలో పావుగంట శిక్షణ ఇవ్వకుండా ఎవరినీ లోతుకు తీసుకెళ్లకూడదనే నిబంధనను పర్యాటక శాఖలు పడవల అనుమతి పత్రంలోనే చేర్చాలని కోరుతున్నాను. నీటిలో ఉన్నవారిని గమనించడమే పనిగా పడవ మీద ఒక మనిషిని ఉంచాలి. చూపు తక్కువగా ఉన్నవారిని ముందే అడిగి తెలుసుకుని, వారిని తోడు లేకుండా వదలకూడదు. వాతావరణం వల్ల ఆలస్యమైతే చూపించే చోట్లను తగ్గించి, మిగిలిన డబ్బు తిరిగి ఇవ్వాలే తప్ప, ఆ పావుగంటలో ఒక్క నిమిషం కూడా తగ్గించకూడదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు