బూట్లు తొందరపడి కొనకు

ముమ్మిడివరం,
ఆదివారం

బుజ్జి తల్లికి,

నాన్న ఆశీస్సులు. ఫారెస్ట్ ఉద్యోగం ట్రైనింగ్ అయ్యాక ముందు కోరింగ, ఆ తర్వాత మారేడుమిల్లి వైపు డ్యూటీ వేస్తారని ఫోన్లో చెప్పావు. "ఖరీదైన బూట్లు ఒక జత కొనేస్తే రెండు చోట్లకీ సరిపోతాయి నాన్నా" అన్నావు చూడు, ఆ మాటకి రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీ తాతయ్య కుర్రతనంలో వేటకి వెళ్లేవాడు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక మానేశాడు. బాతుల కోసం మడుగులో దిగేటప్పుడు కాళ్లకి వేసుకునేది వేరు, మన్యం కొండలెక్కేటప్పుడు వేసుకునేది వేరు. ఏ నేల మీద నడవాలో తేల్చుకున్నాకే తుపాకి తీసేవాడు. ఇప్పుడు నీది వేటగాళ్లని పట్టుకునే ఉద్యోగం. నడవాల్సిన నేల మాత్రం అదే కదమ్మా.

కోరింగ మడ అడవి అంటే రోజుకి రెండుసార్లు పోటు వచ్చి పోయే బురద. అందరూ పొడుగు రబ్బరు బూట్లే, అదే గమ్ బూట్లే మంచివంటారు. నేనూ అలాగే అనుకుని, దమ్ము చేసిన మన చేలోకి వాటితో దిగాను. ఒండ్రు బూటుని పట్టేసింది, కాలు పైకొచ్చింది, బూటు లోపలే ఉండిపోయింది. పడ్డప్పుడు మోకాలు మెలిపడి పది రోజులు మంచం మీద ఉన్నాను. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు, కంగారుపడతావని చెప్పలేదు. అలాగని ఒట్టి కాళ్లతోనూ దిగకు. తెల్లమడ చెట్ల ఊపిరివేళ్లు బురదలోంచి మేకుల్లా నిలబడి ఉంటాయి. అక్కడికి చీలమండ పైదాకా లేసులు బిగించి కట్టుకునే కాన్వాస్ బూట్లు తీసుకో. నీళ్లు లోపలికొస్తాయి, వచ్చిన దారినే పోతాయి. వాటర్‌ప్రూఫ్ అని అమ్మే వాటిలోకి పైనుంచి ఒకసారి నీళ్లు దిగాయంటే సాయంత్రం దాకా మోయాల్సిందే. ఇంటికి రాగానే మంచినీళ్లతో ఉప్పు కడిగి, లోపల పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టు.

గమ్ బూట్లూ ఒక జత ఉండనీ. చేలగట్ల మీద, మడమ లోతు నీళ్లలో వాటికి సాటి లేదు. వానాకాలం మన చేలల్లో ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే ఎలుక జ్వరం భయం, గట్ల మీద రక్తపింజరి భయం. రాత్రి డ్యూటీ అంటే నాకు ఇప్పటినుంచే టెన్షన్. బూట్లున్నాయి కదా అని టార్చి లైటు, చేతికర్ర మాత్రం మర్చిపోకు.

మారేడుమిల్లి కొండల సంగతి వేరు. పాపికొండల నేషనల్ పార్కే వెయ్యి చదరపు కిలోమీటర్ల పైన ఉంది. అక్కడ రాళ్లు, ఎండుటాకులు, వాగుల్లో నాచు. చీలమండని గట్టిగా పట్టి ఉంచే తోలు బూట్లు, అడుగున లోతైన గాళ్లున్న సోల్ కావాలి. ఎక్కేటప్పుడు తెలియదు గానీ, దిగేటప్పుడు వేళ్లన్నీ ముందుకొచ్చి గుద్దుకుంటాయి. అందుకని వేళ్ల ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ మాత్రం లోపల కదలకూడదు, కదిలితే గంటలో బొబ్బ లేస్తుంది. కొత్త తోలు బూట్లతో నేరుగా అడవిలోకి వెళ్లకు. రెండు మూడు వారాలు క్వార్టర్స్ చుట్టూ తిరిగి మెత్తబరుచుకో. తడిసినప్పుడు పొయ్యి దగ్గర పెట్టావా, తోలు బిరుసెక్కి పగిలిపోతుంది. నూలు మేజోళ్లు చెమట పట్టి తడిగా ఉండిపోతాయి, ఉన్నివి తీసుకో.

మూడు జతలంటే డబ్బు ఎక్కువే. కొబ్బరికాయ అమ్మిన డబ్బు పక్కన పెట్టాను, మొదటి జీతం దాకా ఆగక్కర్లేదు.

ఈ లోపు ఒక పని చెయ్యి. రోజంతా తిరిగాక సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది. అప్పుడు మేజోళ్లు వేసుకుని, తెల్ల కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీసి పంపు. నీ కుడి పాదం చిన్నప్పటినుంచీ కొంచెం పెద్దది, దాని కొలతకే చూస్తాను.

మీ నాన్న