సంక్రాంతి తర్వాత మా అంగట్లో జీపీఎస్ వాచ్ కొన్నోళ్లకి

అన్నలకి, అక్కలకి, పొద్దున్నే గ్రౌండుకి వచ్చే తమ్ముళ్లకి అందరికీ నమస్కారం. ఇది ఆఫర్ మెసేజ్ కాదు, రవ్వంత ఓపిగ్గా చివరి దాకా చదవండి. ఈ సంక్రాంతి తర్వాత నుంచి ఉగాది దాకా తిరుపతిలో మా అంగట్లో 4,499 రూపాయల జీపీఎస్ రన్నింగ్ వాచ్ కొన్నోళ్లు మొత్తం 46 మంది. ఆ 46 వాచీల్లో జీపీఎస్ లేదు. బాక్సు మీద ఉండాది, నేనూ నా నోటితో ఉందని చెప్పే అమ్మినా, లోపల మాత్రం లేదు. తెచ్చివ్వండి, మీ డబ్బులు మీకు ఇచ్చేస్తా.

31 మందికి ఫోన్ చేసి చెప్పేసినా. మిగతా 15 మంది నంబర్లు మా పుస్తకంలో లేవు, కొండకి వచ్చి పోతా పోతా కొన్నోళ్లు కొందరు, నంబరు ఎందుకులే అన్నోళ్లు కొందరు. వాళ్ల కోసమే ఇదంతా రాస్తా ఉండా. మీకు తెలిసినోళ్లు ఎవరన్నా ఉంటే ఒక మాట చెప్పండి.

ఎట్లా జరిగిందో చెప్తా. దీపావళికి మొదటి లాట్ 20 తెచ్చినా. అప్పుడు నేనే కట్టుకొని చూసినా, ఫోన్ అంగట్లో పెట్టేసి అలిపిరి నుంచి కపిలతీర్థం దాకా నడిచి వచ్చి యాప్‌లో చూస్తే దావ మొత్తం గీత గీసినట్టు వచ్చింది, రోడ్డు వంపు తిరిగే కాడ గీత కూడా తిరిగింది. సరే నమ్మకమైన సరుకే అని సంక్రాంతి తర్వాత 60 తెప్పించినా. అదే బాక్సు, అదే మోడల్ నంబరు, అదే స్ట్రాప్. పీసుకి 3,650 ఉన్నది 3,400కి ఇచ్చినాడు, ఎక్కువ తీసుకున్నాం కాబట్టి తగ్గించినాడేమో అనుకున్నా. ఆ 250 ఎందుకు తగ్గిందో అప్పుడే అడగాల్సింది నేను. రెండో లాట్‌ని టెస్ట్ చేయలా. ఇది నా తప్పే, ఇంకొకరి మీదికి తోసేది లేదు.

బయటపడింది ఒక పిలగాడి వల్ల. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తా ఉండాడు, 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాల. ఫోన్ రూములోనే పెట్టేసి తెల్లారుజామున రోడ్డు మీద పరిగెత్తేవాడు, వాచ్ 1.60 చూపించగానే ఆగి టైం చూసుకొనేవాడు. 7 నిమిషాల 15 సెకన్లు వస్తా ఉంటే ఇంక మనకి ఢోకా లేదని రెండు నెలలు అదే స్పీడులో పరిగెత్తినాడు. ఒకరోజు ఫ్రెండ్స్ గ్రౌండుకి రమ్మంటే పోయి కొలిచిన ట్రాక్ మీద నాలుగు రౌండ్లు తిరిగినాడు. 8 నిమిషాల 17 సెకన్లు. వాచ్‌లో చూస్తే ఆ నాలుగు రౌండ్లు 1.83 కిలోమీటర్లని ఉండాది. అంటే రెండు నెలలుగా ఆ పిల్లోడు పరిగెత్తింది 1600 కాదు, 1400. క్వాలిఫై అయిపోయినా అనుకొని నిమ్మళంగా ఉన్నోడు అసలు క్వాలిఫై కాడం లేదు. అంగట్లోకి వచ్చి గట్టిగా కూడా మాట్లాడలా, "అన్నా, ఇది ఏమో తేడాగా ఉంది, ఒకసారి చూడన్నా" అన్నాడు అంతే.

ఆ రోజు రాత్రి అంగడి మూసినాక షట్టర్ సగం దించి ఆ వాచ్‌ని బోర్లా పెట్టి వెనక మూత విప్పినా. నాలుగు స్క్రూలు, బియ్యపు గింజలో సగం కూడా ఉండవు. పక్కన మొదటి లాట్‌లో మిగిలిన పీసు ఒకటి విప్పి పెట్టినా. దాంట్లో బోర్డు మూలన చదరంగా యాంటెన్నా ఉండాది. దీంట్లో అదే తావులో ఉత్త ఖాళీ, అంటించేదానికి పెట్టిన ఈయం చుక్కలు మాత్రం మెరుస్తా ఉన్నాయి. మా నాయన ఇదే బల్ల మీద హెచ్ఎంటీ జనతా, పైలట్ వాచీలు రిపేరు చేసేవాడు, పాత వాచ్ ఎవరన్నా అమ్మేదానికి తెస్తే మూత విప్పి చూడకుండా రూపాయి ఇచ్చేవాడు కాదు. ఆయన కొడుకుని అయ్యుండి 60 వాచీలు మూత విప్పకుండా తీసుకున్నా. ఆ బల్ల మీద చేతులు పెట్టుకొని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు.

మరి ఇన్నాళ్లు ఎవరికీ ఎందుకు తెలీలేదంటే, ఫోన్ జేబులో ఉంటే వాచ్ ఫోన్‌లోని జీపీఎస్‌ని వాడుకుంటాది, మ్యాప్ కరెక్టుగానే వస్తాది. ఫోన్ లేకపోతే చెయ్యి ఎన్ని సార్లు ఊగిందో చూసి, మీరు కొట్టిన ఎత్తుని బట్టి అడుగు ఇంత పొడుగు అని లెక్కేసి దూరం చెప్పేస్తాది. అది అంచనా, కొలత కాదు. అసలు జీపీఎస్ అంటే వాచ్ తనంతట తానే 20,000 కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాలు కనీసం నాలుగింటి సిగ్నల్ పట్టుకోవాల. ఈ బాక్సు మీద జీపీఎస్ ఒక్కటే కాదు నావిక్ అని కూడా అచ్చేసినారు, అంటే జీపీఎస్ లాంటిదే, మన ఇస్రో వాళ్లది. నాకు ఇంకా మంట అక్కడే. శ్రీహరికోట ఇప్పుడు మన జిల్లాలోనే ఉంది, 2023 మే 29న అక్కడి నుంచే ఎన్‌వీఎస్-01 అనే నావిక్ ఉపగ్రహాన్ని పంపించినారు, ఇట్లాంటి చిన్న చిన్న వాచీలు కూడా అందుకోవాలనే కదా దాంట్లో ఎల్1 సిగ్నల్ కొత్తగా పెట్టింది. ఆ పేరు రిసీవరే లేని డబ్బా మీద వేసి మన ఊరోళ్లకే అమ్మినారు, అది కూడా నా చేత.

మర్నాడే పొద్దున్నే బస్సెక్కి చెన్నై పోయినా, మాధవరంలో దిగి నేరుగా డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుకి. 11 ఏళ్లుగా వాళ్ల దగ్గరే తీసుకుంటా ఉండా, బిల్లు వచ్చిన 15 రోజుల్లో డబ్బులు వేయని రోజు లేదు, కరోనా టైంలో అంగడి మూసి ఉన్నప్పుడు కూడా వేసినా. గంటన్నర కూర్చోబెట్టినారు. తర్వాత ఒకాయన వచ్చి రెండు బిల్లులు పక్కపక్కన పెట్టి చూపించినాడు, మొదటి దాంట్లో "జీపీఎస్ వాచ్", రెండో దాంట్లో ఉత్త "స్మార్ట్ వాచ్". "మేము రాసే ఇచ్చినాం సార్, మీరే చదువుకోవాల" అన్నాడు. బాక్సు మీద జీపీఎస్ అని ఎందుకుందంటే అది ఫోన్ జీపీఎస్‌కి సపోర్ట్ చేస్తాది అని అర్థమంట. సరే అదీ పడినా. దాని తర్వాత అన్న మాటే నేను మర్చిపోలేకపోతా ఉండా. "మీ తిరుపతిలో కొనేది మెట్లెక్కేదానికే కదా, వాళ్లకి జీపీఎస్ ఏం పని" అన్నాడు.

మెట్లెక్కేవాళ్లంటే ఎవరనుకుంటున్నాడు ఆయన. రూపాయి రూపాయి కూడబెట్టి వాచ్ కొనుక్కున్న పిల్లలు, షుగర్ వచ్చిందని నడక మొదలుపెట్టిన అమ్మలు, డాక్టర్ చెప్పినాడని భయంభయంగా నడిచే పెద్దోళ్లు, వీళ్లకి తప్పు లెక్క చూపించినా ఫరవాలేదా? అమ్ముడుపోని 14 పీసులకి మాత్రం క్రెడిట్ నోట్ ఇస్తాం, దాంతో వేరే సరుకు తీసుకోండి అన్నాడు. 47,600 రూపాయలు. వద్దన్నా. ఆ 14 బాక్సులూ ఆయన టేబుల్ మీద పెట్టేసి వచ్చేసినా. ఇంటికొస్తే మా ఆవిడ ఆ డబ్బులన్నా తెచ్చుకోవాల్సింది కదా అనింది, ఆమె చెప్పింది కరెక్టే కావొచ్చు, కానీ ఆ నోటు తీసుకుంటే మళ్లీ వాళ్ల సరుకే మన గాజు పెట్టెలో పెట్టాల, అది మాత్రం నా చేత కాదు. రిజిస్టర్ పోస్టులో నోటీసు పంపినా, ఏమైతాదో చూద్దాం.

ఇంక డబ్బుల విషయం. 46 మందికి 4,499 లెక్కన 2,06,954 రూపాయలు. మా తమ్ముడు, "అన్నా, అడిగినోళ్లకి ఇచ్చేద్దాం, అడగనోళ్లని మనమే లేపేదెందుకు" అన్నాడు. వాడు చెడ్డోడు కాదు, అంగడి బాడుగ, స్కూలు ఫీజులు వాడే చూసేది కాబట్టి అన్నాడు. మూడు రోజులు నాకు నిద్ర పట్టలా. ఎందుకంటే ఇంకో పక్క నిజం కూడా ఉండాది, కొన్నోళ్లలో చానామందికి అసలు జీపీఎస్‌తో పని లేదు. తిరుచానూరు నుంచి వచ్చే పెద్దమ్మ ఒకామె అడుగులు చూసుకొనేదానికే కొనింది, చానా సంతోషంగా ఉండాది, ఆమెకి ఫోన్ చేసి మీ వాచ్ మంచిది కాదు అని చెప్పాలా, ఎందుకు ఆమె మనసు కష్టపెట్టడం అని ఒక రాత్రి అనిపించింది. మళ్లీ అదే రాత్రి ఇంకోటి అనిపించింది. గట్టిగా అడిగినోడికి డబ్బులిచ్చి, నమ్మి గమ్మున ఉన్నోడికి నామం పెడితే దాన్ని ఏమంటారు? అందుకే ఈ డబ్బుల కోసం చీటీ ఎత్తినా. పొద్దున్నే మొదటి ఫోన్ పెద్దమ్మకే చేసినా. "నాకు అడుగులు చాలు నాయనా, ఉండనీ" అనింది. అట్లా ఉంచుకోవాలనుకునే వాళ్లకి 2,000 వెనక్కిస్తా ఉండా, ఎందుకంటే జీపీఎస్ లేని వాచ్‌కి జీపీఎస్ రేటు తీసుకున్నా కాబట్టి. ఆమె వద్దనింది, వాళ్లబ్బాయికి పంపించినా.

ఇంకో విషయం కూడా చెప్పాల, ఇది లాట్‌తో సంబంధం లేదు, మీరు ఎంత రేటు పెట్టి కొన్న వాచ్‌కైనా వర్తిస్తాది. బైరాగిపట్టెడ నుంచి వచ్చే రిటైర్డ్ సార్ ఒకాయన, గుండెకి స్టెంట్ వేసినారు, డాక్టర్ హార్ట్ రేట్ 120 దాటకుండా నడవమన్నాడు. అలిపిరి మెట్లెక్కతా గాలిగోపురం దగ్గర ఆయాసం వచ్చి కూర్చుంటే వాచ్ 98 చూపిస్తా ఉండాది. కూతురు పక్కనుండి మణికట్టు పట్టుకొని 15 సెకన్లు లెక్కపెడితే 34, అంటే నిమిషానికి 136. ఆ సార్ అంగట్లోకి వచ్చి వాచ్ గాజు మీద పెట్టి ఒక్క మాట కూడా అనలా. తిట్టినా బాగుండేది.

ఆయన చేతికి కట్టి చూస్తే స్ట్రాప్ కింద కాశీదారం ఉండాది, వాచ్ వదులుగా జారతా ఉండాది. వాచ్ వెనక పచ్చ లైట్ వెలుగుతాది కదా, అది చర్మం లోపల నెత్తురు కొట్టుకునేటప్పుడు వెలుతురు ఎంత వెనక్కి వస్తాదో చూసి లెక్క చెప్తాది. వాచ్ కదిలితే, బయటి వెలుతురు లోపలికి పోతే లెక్క తప్పుతాది. పరిగెత్తేటప్పుడైతే ఇంకో తిప్పలు, నిమిషానికి 170 అడుగులు పడతా ఉంటే ఆ ఊపునే గుండె అనుకొని 170 చూపించేస్తాది. మణికట్టు ఎముకకి ఒక వేలు పైన, బిగువుగా, దారాలు కడియాలు పక్కకి జరిపి కట్టుకోవాల. ఇవన్నీ నేను అమ్మేటప్పుడే చెప్పాల్సింది, రద్దీలో బాక్సు చేతిలో పెట్టి పంపించేసినా. గుండె జబ్బు ఉన్నోళ్లు చేతి వాచ్‌ని నమ్ముకోవద్దండి, డాక్టర్‌ని అడగండి, కరెక్టు లెక్క కావాలంటే ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ ఉంటాది, అది గుండె కరెంటునే పట్టుకుంటాది కాబట్టి చేతి దానికన్నా చానా నయం.

ఇంకమీదట మా అంగట్లో రన్నింగ్ వాచ్ ఏదైనా సరే ప్రతి పీసూ ఫోన్ లేకుండా కిలోమీటరు నడిపించి చూసినాకే గాజు పెట్టెలోకి వస్తాది. ఆలస్యమైతాది, ఆన్‌లైన్‌లో దీనికన్నా తక్కువకి దొరకతాది, కావాలంటే ఆడే కొనుక్కోండి, నేనేం అనుకోను. గ్రౌండులో, రోడ్డు మీద పరిగెత్తే పిల్లలకి మామూలు జీపీఎస్ చాలు, గార్మిన్ ఫోర్‌రన్నర్ 55 లాంటిది ఎవరి దగ్గరన్నా సెకండ్ హ్యాండ్‌లో దొరికినా తీసుకోండి, తెస్తే నేను చూసిపెడతా. కొండ దారుల్లో, చెట్ల కింద పరిగెత్తేవాళ్లకి రెండు ఫ్రీక్వెన్సీలు పట్టేది కావాల, ఎల్1 తోపాటు ఎల్5 కూడా, ఎందుకంటే సిగ్నల్ బండకి తగిలి తిరిగొచ్చినప్పుడు ఏది నేరుగా వచ్చిందో దానికి బాగా తెలుస్తాది. కోరోస్ పేస్ 3లో అది ఉంది. మెట్లెక్కేవాళ్లు మాత్రం దూరం గురించి అస్సలు పట్టించుకోవద్దండి, అలిపిరి దావలో చానా భాగం పైన స్లాబ్ ఉంటాది, దాని కింద ఎంత ఖరీదు వాచ్ అయినా తడబడతాది. మీకు కావాల్సింది గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే బేరోమీటర్, 3,550 మెట్లు ఎక్కితే సుమారు 700 మీటర్లు ఎత్తు చూపించాల, ఆ పక్క ఈ పక్క కొంచెం అటూ ఇటూ.

మీది ఏ లాటో తెలీకపోతే ఫోన్ ఇంట్లో పెట్టేసి ఆరుబయట ఒక కిలోమీటరు నడిచి రండి, యాప్‌లో మ్యాప్ మీద గీత రాకపోతే అది ఆ లాటే. బిల్లు అక్కర్లేదు, బాక్సు అక్కర్లేదు, స్ట్రాప్ తెగినా ఏం కాదు. డబ్బులు చేతికైనా ఇస్తా, ఫోన్‌పేలోనైనా వేస్తా. గడువేం పెట్టలా. బయటి ఊరోళ్లు కొరియర్ చేయండి, ఆ ఖర్చు కూడా నాదే.

వచ్చే ఆదివారం తెల్లారుజామున 5 గంటలకి మాత్రం అంగడి దగ్గర ఉండను. ఆ కానిస్టేబుల్ పిలగాడు పరిగెత్తే రోడ్డు మీద టేపుతో కొలిచి 1600 కాడ సున్నంతో గీత గీస్తానని వాడికి మాటిచ్చినా. 50 మీటర్ల టేపు, 32 సార్లు వేయాల. ఆ పక్క కొస పట్టుకునేదానికి ఇంకొకరు కావాల, వచ్చేవాళ్లు ఉంటే శనివారం లోపల చెప్పండి.