మామా, తేలును చూసి నిలబడ్డా

రేయ్ మామా,

ఎలా ఉన్నావు? ఈ సంగతి ఫోన్‌లోనే చెప్పొచ్చు. కానీ నువ్వు మధ్యలో నవ్వడం మొదలుపెడితే ఇక నన్ను మాట్లాడనివ్వవు. అందుకే కాగితం మీద పెడుతున్నా. నవ్వొస్తే అక్కడే నవ్వుకో, నాకు వినపడదు.

తేలును చూశాను రా. బతికున్న తేలును. రెండడుగుల దూరంలో. పారిపోలేదు.

హాస్టల్లో నా అవస్థ నీకు తెలియనిదేముంది? దుప్పటి దులిపి, దిండు దులిపి, మళ్లీ దుప్పటి దులిపేవాణ్ణి. ఆదివారం పేపర్లో వారఫలాలు చూడాలంటే వృశ్చిక రాశి బొమ్మ మీద అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాణ్ణి. పైగా నాది అదే రాశి! నా ఫలితం నువ్వే చదివి వినిపించేవాడివి. అందులో సగం నీ కల్పనే. "ఈ వారం రూమ్మేటుకు ఉగ్గాని బజ్జీ పెట్టించిన శుభం" అని ఏ సిద్ధాంతి రాస్తాడు చెప్పు?

ఇది ఎక్కడ మొదలైందో మాత్రం నీకెప్పుడూ చెప్పలేదు. చిన్నప్పుడు సెలవులకు మా అవ్వ వాళ్ల ఊరికి పోయేవాళ్లం. నాపరాళ్ల ఇల్లు, పక్కనే కట్టెల కొట్టం. ఒకరోజు రాత్రి మా చిన్నాయన కట్టెలు తీయబోతే ఎర్ర తేలు కుట్టింది. ఎడ్ల బండిని ఒంటిచేత్తో తిప్పే మనిషి, ఒళ్లంతా చెమటలు పట్టి, వాంతులు చేసుకుంటూ, చేతులూ కాళ్లూ చల్లబడి మంచానికి అడ్డంపడిపోయాడు. మంత్రగాణ్ణి పిలిపించారు. ఉల్లిగడ్డ రుద్దారు. తెల్లారాక ఎవరిదో జీపు దొరికితే ఆసుపత్రికి తీసుకుపోయారు. బతికాడులే, ఇప్పటికీ గట్టిగానే ఉన్నాడు. కానీ ఆ రాత్రి నేను తేలును చూడనేలేదు రా. చూసుంటే వేలెడంత పురుగుగా గుర్తుండిపోయేది. చూడలేదు కాబట్టి అది ఇల్లంతా నిండిపోయింది. చీకట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా అక్కడే ఉన్నట్టు.

ఇప్పుడు చూడు నా అదృష్టం. మా బ్యాంకువాళ్లు నన్ను కోడుమూరుకు బదిలీ చేశారు. ఊరికేం, బంగారం లాంటి ఊరు. మగ్గాలు, పట్టు చీరలు, పలకరించే మనుషులు. కానీ ఇక్కడ కొండ మీద కొండలరాయుడని ఒక స్వామి ఉన్నాడు. శ్రావణమాసం మూడో సోమవారం జనం ఆయనకు ఏం సమర్పిస్తారో తెలుసా? తేళ్లు! కొండ మీద రాళ్లు పైకెత్తి, కింద ఉన్న తేళ్లను చేత్తో పట్టి తెచ్చి ఇస్తారు. ఇల్లు అద్దెకు మాట్లాడుకున్న రోజే ఇంటావిడ ఈ మాట చెప్పింది. నా ముఖం చూసి, "ఏమప్పా, తేలుకే ఇంత బెదురుకుంటే ఎట్లప్పా? మా సామికి ఇష్టమైంది కదా అది" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అయినా ఎలాగోలా నెట్టుకొచ్చేవాణ్ణే. మా పాప వల్ల కుదరలేదు. బడికి పోతూ చెప్పులు దులుపుతోంది, మళ్లీ దులుపుతోంది, కాలు పెట్టమంటే ఏడుస్తోంది. ఎందుకమ్మా అంటే "నాయన కూడా ఇట్లే చేస్తాడు కదా" అంది. మా ఆవిడ ఒక్క మాట అనలేదు, ఊరికే నా వైపు చూసింది. ఆ చూపు తట్టుకోలేక కర్నూలులో మానసిక వైద్యుణ్ణి కలిశాను.

మాత్రలు రాసిస్తాడనుకున్నా. ఆయన కథ చెప్పాడు. అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పిల్లవాడికి ఆ భయం పోగొట్టిందట. వాడు ఇష్టమైనది తింటుంటే కుందేలును దూరంగా ఉంచి, రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెం దగ్గరికి జరుపుతూ వచ్చింది. 1924లోనే దాని గురించి రాసింది. "మీరు పారిపోగానే హాయిగా ఉంటుంది చూడండి, తంటా అంతా ఆ హాయితోనే. పారిపోయాను కాబట్టే బతికానని మీ బుర్ర రాసుకుంటుంది. ఈసారి భయం దానంతటది దిగేదాకా అక్కడే నిలబడండి" అన్నాడు డాక్టరు. తేలును చేత్తో పట్టుకోవాల్సిన పని ఎప్పటికీ లేదని కూడా చెప్పాడు. ఆ మాట విన్నాకే ఒప్పుకున్నాను.

మొదట బొమ్మ. తర్వాత ఫోన్‌లో ఫోటో, వీడియో. ఇవన్నీ చెబితే నీకు విసుగు, వదిలెయ్. ఆ తర్వాత సీసాలో ఉన్న తేలు. ఇక్కడే కథ తిరిగింది. తెలిసిన జువాలజీ లెక్చరర్ ఒకాయన తన ల్యాబులో ఒక సీసా చూపించి, గదిలో లైట్లు ఆర్పి, దాని మీద ఒక నీలి లైటు వేశాడు. చచ్చి ఏళ్లయిన ఆ తేలు ఆకుపచ్చగా మెరిసింది మామా! తేలు పైపెంకుకు ఆ గుణం ఉందట. ఎందుకు మెరుస్తుందో శాస్త్రవేత్తలే ఇంకా ఒక మాట మీదికి రాలేదట. నాకు మాత్రం ఆ లైటు ఎక్కడో చూసినట్టు అనిపించింది. ఎక్కడో ఏముంది, మా క్యాష్ కౌంటర్లో ఐదువందల నోటు అసలుదా కాదా అని రోజూ చూసే అల్ట్రావయొలెట్ లైటే! ఇన్నేళ్లూ నా మందును నా చేతి కిందే పెట్టుకుని కూర్చున్నానన్నమాట.

అలాంటి టార్చ్ ఒకటి తెప్పించాను. రాత్రి భోజనాలయ్యాక, బూట్లు వేసుకుని పెరట్లోకి వెళ్లాను. మా ఆవిడ వాకిట్లో నిలబడింది. నాపరాళ్ల గోడ సందులో, ఆకుపచ్చగా, కదలకుండా, ఒకటి. గుండె చెవుల్లో కొట్టుకుంది. కాళ్లు వెనక్కి లాగాయి. డాక్టరు మాట గుర్తు చేసుకుని నిలబడ్డా. అది నన్ను పట్టించుకోనేలేదు రా. దానికి చూపు అంతంతమాత్రమేనట, నేల అదురును బట్టి పురుగును పసిగట్టి పట్టుకుంటుందట. ఎంతసేపు నిలబడ్డానో గానీ, చివరికి నాకు భయం పోయి దోమలు కుట్టడం తెలిసింది. అదే మొదటి గెలుపు.

అప్పట్నుంచి అదో పిచ్చి పట్టింది. ఒక రాత్రి వీపు నిండా తెల్లటి పిల్లల్ని మోసుకుపోతున్న తల్లి తేలు కనిపించింది. తేలు పిల్లలు తల్లి కడుపు చీల్చుకుని పుడతాయని మా అవ్వ చెప్పేది. అంతా వట్టిదే. బతికుండగానే కంటుంది, వాటి మొదటి కుబుసం వదిలేదాకా వీపు మీదే తిప్పుతుంది. పాపను పిలిచి దూరం నుంచే చూపించాను. "వాళ్లమ్మ బస్సా నాయనా?" అంది.

ఇక శ్రావణం వచ్చింది. మూడో సోమవారం కొండెక్కాను. చెబితే నమ్మవు, చిన్న చిన్న పిల్లలు కూడా తేళ్లను అరచేతిలో, చొక్కా మీద పాకించుకుంటున్నారు. ఒకాయన ముఖం మీద పెట్టుకున్నాడు. ఆరోజు కుట్టదని వాళ్ల నమ్మకం. నమ్మకం వాళ్లది, నేను కాదనను. కానీ పిల్లల చేతుల్లో చూస్తే మాత్రం నాకు నచ్చలేదు, మా పాపను తీసుకుపోలేదు కూడా. ఒక కుర్రాడు అరచెయ్యి చాపి "పట్టుకుంటావా సార్?" అన్నాడు. తేలు వాడి మణికట్టు వైపు నడుస్తోంది. "వద్దులే నాయనా" అన్నాను, టీ వద్దన్నంత మామూలుగా. నా గొంతు నాకే కొత్తగా అనిపించింది.

జాగ్రత్త తగ్గించాననుకునేవు. ఇప్పటికీ బూట్లు దులుపుతా, కానీ ఒక్కసారే. నల్ల మండ్రగబ్బ చూడ్డానికి భయంకరం గానీ, ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఆ చిన్న ఎర్ర తేలే, అదీ పిల్లలకు. మహారాష్ట్రలో మహాడ్ అనే ఊళ్లో హిమ్మత్‌రావు బవాస్కర్ అనే డాక్టరు, ప్రాజోసిన్ అనే బీపీ మందుతో ఆ విషం నుంచి ఎందరినో కాపాడాడు. 2022లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. మా చిన్నాయనకు ఈ సంగతి చెబితే, "ఉల్లిగడ్డ రుద్దినోడికి ఏమిచ్చినారప్పా?" అన్నాడు.

వచ్చే శ్రావణానికి నువ్వు రా. సోమవారం సెలవు దొరకదంటావు, ఒక రోజు జ్వరం తెచ్చుకో. రాత్రి పెరట్లో టార్చ్ నేను పట్టుకుంటా. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? అడిగానని చెప్పు. అనంతపురం నుంచి వచ్చేటప్పుడు ఆమె చేత్తో కొట్టిన చెనిక్కాయల పొడి ఒక డబ్బా తీసుకురా. పోయినసారి దారిలోనే సగం తినేశావు, ఈసారి మూత మీద టేపు వేయించు.

నీ రూమ్మేటు